సిల్క్ రోడ్డు సత్రంలో ఉపవాసం

డాలస్ నుంచి నెవార్క్ వెళ్తున్న విమానంలో నా పక్క సీటావిడ చైనీస్ నవల చదువుతోంది. కథేమిటని అడిగాను.

"సిల్క్ రోడ్డు మీద ఒక సత్రం. ఎక్కడెక్కడి వర్తకులో వచ్చి ఆగుతుంటారు. మీ ఇండియా ఆయన కూడా ఉన్నాడు," అంటూ డబ్బా మూత తీసి, మన కుడుముల్లాంటివి నా వైపు జరిపింది.

లోపల ఏ మాంసం పెట్టారోనని నాకు అనుమానం. అడిగితే సరిపోయేది. "సారీ అండీ, ఇవాళ ఫాస్టింగ్," అనేశాను.

ఆవిడ ముఖం వెలిగిపోయింది. "నవల్లో ఆయనా ఇదే మాటంటాడు! రచయిత్రి కల్పించిందేమో అనుకున్నాను."

బ్యాగులోంచి కమలాపండు తీసి నా చేతిలో పెట్టింది. "సత్రం నడిపే ఆవిడ ఆయనకి పండు ఇస్తుంది. ఉపవాసం ఉన్న అతిథి ముందు తను మాత్రం ఏమీ తినదు," అని తన డబ్బా మూసేసింది.

నా కాళ్ల దగ్గర సంచీలో చికెన్ బిర్యానీ ఉంది. పండు ఒలుచుకోవడానికి చేతులు రాలేదు. నెవార్క్ దాకా ఇద్దరం ఆకలితోనే కూర్చున్నాం.

దిగేముందు, నవల్లోలాగే కాబోలు, ఆవిడ నాకు రెండు చేతులూ జోడించింది.