ఒక్క వేలితో తిరిగిన స్టీరింగ్

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో ఒక ప్రాణం పోతుంది. కంగారు పడకండి, పోయేది ఎదురింటివాళ్ల చెత్త బిన్ను ప్రాణం. మనుషులందరూ క్షేమం. పరువు మాత్రం ఒకరిది పోయింది. ఆ ఒకరెవరో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

మేముండేది మెల్‌బోర్న్‌లో పాయింట్ కుక్. ఇక్కడ కారు లేకపోతే కరివేపాకు కూడా దొరకదు. అప్పట్లో మాకో పాత పెద్ద కారు ఉండేది. మా ఆవిడ లావణ్య భీమవరంలో నర్సుగా చేసింది. ఇక్కడికొచ్చాక చదవాల్సినవి చదివి, రాయాల్సినవి రాసి, ఇంటింటికీ వెళ్లి పెద్దవాళ్లను చూసుకునే ఉద్యోగం ఒకటి సంపాదించుకుంది. వాళ్లు పెట్టిన షరతు ఒక్కటే, చేరే రోజుకి చేతిలో లైసెన్సు ఉండాలి. మొదటిసారి టెస్టులో రివర్స్ పార్కింగ్ దగ్గర దెబ్బతింది. రెండో టెస్టు మంగళవారం. అది కూడా పోతే, మళ్లీ తేదీ దొరికేసరికి ఆ ఉద్యోగం ఇంకెవరికో వెళ్లిపోతుంది. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా చేశాను, అదీ నా గొప్పతనం.

సరిగ్గా ఆ వారమే మా కారు స్టీరింగ్ తిప్పినప్పుడల్లా మూలగడం మొదలుపెట్టింది. బానెట్ ఎత్తి చూస్తే పవర్ స్టీరింగ్ పంపు దగ్గర ఎర్రటి నూనె కారుతోంది. అందరినీ 'మేట్' అని పిలిచే ఇక్కడి మెకానిక్‌కి ఫోన్ చేశాను.

"పంపు పోయింది మేట్. గురువారం తీసుకురా, మార్చేస్తాను. అందాకా రోజూ పొద్దున్నే కాస్త ఆయిల్ పోసుకో, నడిచిపోతుంది," అన్నాడు.

చూశారా, ఎంత సులువైన మార్గమో! గోటితో పోయేదానికి గొడ్డలెందుకని పెద్దలు ఊరికే అనలేదు. కానీ శనివారం పొద్దున్నే హార్డ్‌వేర్ షాపులో అడుగుపెట్టిన మగాడికి గోరు కనిపించదండీ, గొడ్డళ్ల వరసే కనిపిస్తుంది. ఆయిల్ కోసం వెళ్లినవాణ్ణి స్పానర్ల సెట్టు, జాకీ స్టాండ్లు, రబ్బరు గొట్టం, క్లిప్పులు వేసుకుని ఇంటికొచ్చాను.

"ఆయిలేదండీ?" అంది లావణ్య.

"ఆయిలుతో పనే లేకుండా చేస్తున్నా. పవర్ స్టీరింగ్ ఉంటేనే కదా పంపు పాడవడం? ఆ పవరే పీకేస్తా. మాన్యువల్ చేసేస్తా. వీడియోలన్నీ చూశాను."

"మంగళవారం నాకు టెస్టండీ బాబూ!"

"అందుకే కదా! టెస్టు మధ్యలో బండి మూలిగితే ఆ ఆఫీసరేమనుకుంటాడు? అయినా మా నాన్న తాడేపల్లిగూడెం నుంచి అన్నవరం దాకా అంబాసిడర్ తోలాడు. దానికి పవరుందా? పవరంతా చేతుల్లోనే ఉండేది."

"ఆయన చేతుల్లో ఉండేదండీ," అంది లావణ్య, నా చేతుల వంక జాలిగా చూస్తూ.

నా ఉద్యోగమేమిటో చెప్పలేదు కదూ? సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇంకొకరు చేసింది ఎక్కడ విరుగుతుందో, జనం చేతికి వెళ్లకముందే కనిపెట్టడం నా వృత్తి. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

కారుని ముక్కు వీధివైపు ఉండేలా గరాజ్‌లో నిలబెట్టి, ముందు భాగం స్టాండ్ల మీదికి ఎత్తాను. పంపు బెల్టు తీశాను. నా పుణ్యం కొద్దీ ఆ బెల్టు పంపుకి తప్ప ఇంక దేనికీ పనిచేసేది కాదు, లేకపోతే ఈ కథ ఇంకా పెద్దదయ్యేది. గొట్టాలు విప్పగానే ఎర్రనూనె బొళబొళా కారింది. చేతికందిన స్టీలు బేసిన్ ఒకటి కింద పెట్టాను. అదే సమయానికి తణుకు నుంచి మా అత్తగారు వీడియో కాల్‌లోకి వచ్చారు. లావణ్య ఫోను నావైపు తిప్పింది.

"అయ్యయ్యో, అల్లుడుగారూ! ఆవకాయ నూనంతా పారబోస్తున్నారేంటండీ!"

"ఇది ఆవకాయది కాదండీ, బండిదండీ."

"బేసిన్ మాత్రం ఆవకాయదేనండీ. మొన్న వచ్చినప్పుడు నేనే తెచ్చాను," అన్నారావిడ నీరసంగా.

ఇంట్లో ఒక బేసిన్ పోతేనేం, దేశానికో ఇంజనీరు దొరికాడు. వీడియోలో చూపించినట్టే గొట్టాలు ఊడిన రెండు రంధ్రాలనూ ఒకే రబ్బరు గొట్టంతో కలిపి, క్లిప్పులు బిగించి, సాయంత్రానికల్లా పని ముగించాను. డ్రైవర్ సీట్లో కూర్చుని స్టీరింగ్ మీద చూపుడువేలు ఆనించి తిప్పాను. తిరిగింది! ఎడమకి, కుడికి, మళ్లీ ఎడమకి, గిర్రున.

"లావణ్యా! వెన్నే వెన్న!"

ఆ ఒంటివేలి విన్యాసాన్ని వీడియో తీయించుకుని మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, అందరూ చప్పట్లు కొట్టినవాళ్లే. ఒకాయన వచ్చే వారం తన బండి కూడా తెస్తానన్నాడు. "చక్రాలు నేల మీద ఉన్నాయా?" అని మాత్రం ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

మీరు అడిగారు కదూ? నేనూ అడగలేదండీ. కారింకా గాల్లోనే ఉంది.

ఆదివారం పొద్దున్న బండిని నేలకు దించి, ఒకసారి వీధి చివరిదాకా వెళ్లొద్దామని తాళం చేతిలోకి తీసుకున్నాను. ఫోన్లోంచి అత్తగారు ఆపేశారు.

"అంత పెద్ద రిపేరు చేశాక పూజ కాకుండా చక్రం కదపకూడదండీ. పైగా ఎల్లుండి అమ్మాయి టెస్టు. నిమ్మకాయలు దానిచేతే తొక్కించండి. వర్జ్యం వెళ్లాక నేను చెప్తాను, అప్పుడు తియ్యండి."

టెస్టు చెయ్యకుండా ఏదీ బయటికి వదలకూడదని ఆఫీసులో అందరి నెత్తినా మొట్టేవాణ్ణి నేనే. అత్తగారి నెత్తిన మొట్టగలనా? సరేనన్నాను.

పసుపు రాశాం, కుంకుమ పెట్టాం, హారతి ఇచ్చాం. నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టాం. నా కళాఖండం కదా అని స్టీరింగ్‌కి విడిగా ఒక బొట్టు పెట్టాను. అత్తగారికి కూడా కనిపించాలని ఫోన్ని డాష్‌బోర్డు మీద వీధివైపు నిలబెట్టాం. ముందూ వెనకా పసుపుపచ్చ ఎల్ బోర్డులు, స్టీరింగ్ దగ్గర లావణ్య, పక్కన నేను. మా డ్రైవ్‌వే కాస్త పల్లంగా ఉంటుంది. దిగగానే ఎడమకి తిప్పాలి. తిప్పకపోతే తిన్నగా ఎదురింటికి పోతాం. మర్నాడు కౌన్సిల్, అంటే ఇక్కడి మున్సిపాలిటీవాళ్ల చెత్త బండి వచ్చే రోజు కావడంతో ఎదురింటివాళ్లు గడ్డీ ఆకులూ వేసే ఆకుపచ్చ మూత బిన్ను అప్పటికే బయట పెట్టేశారు.

నిమ్మకాయలు ఫట్‌మన్నాయి.

"శుభం!" అన్నారు అత్తగారు.

కారు మెల్లగా పల్లానికి దిగింది.

"ఇప్పుడు ఎడమకి తిప్పు."

"తిరగట్లేదండీ!"

"వేలితో తిరుగుతుందే!"

"ఏ వేలితోనండీ? రెండు చేతులతో లాగుతున్నాను!"

"ఇంకాస్త గట్టిగా లాగు!"

"అల్లుడుగారూ, ఆ ఎదురిల్లేంటండీ, పెద్దదవుతోంది?" అన్నారు డాష్‌బోర్డు మీంచి అత్తగారు.

ఇక లాభం లేదని నేనూ పక్కనుంచి వంగి స్టీరింగ్ పట్టుకున్నాను. తను ఎడమకి లాగుతోంది. నేనూ ఎడమకే లాగాలి. కంగారులో కుడికి లాగాను. బళ్లు ఓడలవుతాయంటే ఏమో అనుకున్నాను గానీ, సరుకు నింపిన ఓడలా మా బండి ఎటూ తిరగకుండా తన దారిన తాను తిన్నగా పోతోంది.

"బ్రేకు! బ్రేకు!" అని అరిచాను.

పాపం, రెండు కాళ్లూ తన్నిపెట్టి స్టీరింగ్‌తో కుస్తీ పడుతున్న మనిషికి బ్రేకు గుర్తొచ్చేసరికి ఒక్క క్షణం ఆలస్యమైంది. కారు ఆగింది. మెత్తగానే ఆగింది. కాకపోతే కారుకీ, ఎదురింటి గోడకీ మధ్య బిన్ను ఉంది. అది కరకరమని నలిగి, మూత ఎగిరి, లోపలున్న కోసిన గడ్డంతా మా బానెట్ మీద అక్షింతల్లా పడింది.

ఎదురింటి వరండాలో టీ తాగుతున్న పార్వతి ఆంటీ కప్పు అక్కడే పెట్టి పరుగెత్తుకొచ్చారు. ఆవిడ ఫిజీ నుంచి వచ్చిన తెలుగావిడ. తాతలు విశాఖ వైపునుంచి చెరుకు తోటల పనికి వెళ్లినవాళ్లు. ఆవిడకి వచ్చిన తెలుగంతా వాళ్ల నాయనమ్మ నేర్పిందే.

"ఏటి పిల్లా, దెబ్బ తగిలినాదా?"

"లేదాంటీ... సారీ ఆంటీ... మీ బిన్ను..."

"అరే, బిన్నుకేటి, కౌన్సిల్‌కి ఫోన్ చేస్తే ఇంకోటి ఇస్తారు."

"నమస్కారమండీ వదినగారూ," అన్నారు డాష్‌బోర్డు మీంచి అత్తగారు, ముఖపరిచయానికి ఇంతకంటే మంచి ముహూర్తం లేనట్టు.

లావణ్య ఏడ్చింది. స్టీరింగ్ మీద తల పెట్టుకుని, నేను పెట్టిన బొట్టు తన నుదుటికి అంటుకునేదాకా ఏడ్చింది. నవ్వుల కథలో ఏడుపేమిటంటారా? ఉందండీ, అది నావల్లే వచ్చింది. అప్పటిదాకా నాకు అది స్టీరింగ్. తనకి అది ఉద్యోగం. ఊరుగాని ఊళ్లో తన కాళ్ల మీద తాను నిలబడడం. కాస్త తేరుకున్నాక తలెత్తి నన్నడిగింది.

"మీరేం ఉద్యోగం చేస్తారండీ?"

"టెస్టింగ్."

"నిన్న తిప్పి చూసినప్పుడు చక్రాలెక్కడున్నాయండీ?"

"గాల్లో."

"మంచం మీద పడుకోబెట్టి పేషెంటు కాలు ఎత్తి ఊపితే ఊగుతుందండీ. అంతమాత్రాన నడుస్తాడని డిశ్చార్జి చేసేస్తామా? నేల మీద నిలబెట్టి, బరువు మోపించి చూడొద్దూ?"

ఇంత చక్కని టెస్టింగ్ సూత్రం నాకు ఏ ఆఫీసులోనూ ఎవరూ చెప్పలేదు.

బండిని ఎలాగో వెనక్కి చేర్చాం. మళ్లీ స్టార్టు చేసే ధైర్యం లేక, లావణ్య కూర్చుని తిప్పింది, నేనూ ఆంటీవాళ్ల అంకులూ తోశాం. తోసి తోసి రొప్పుతున్న నాకు అంకులే మంచినీళ్లు తెచ్చిచ్చారు, ఆయన మంచితనానికి ఈ రోజుకీ దండం పెడతాను. సోమవారం పొద్దున్నే మెకానిక్‌కి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. పెద్దమనిషి, ఫోన్ పక్కన పెట్టి నవ్వుకుని మళ్లీ తీశాడని తర్వాత తెలిసింది.

"మేట్, స్టీరింగ్‌ని అలా ఇష్టమొచ్చినట్టు మార్చి రోడ్డెక్కకూడదు. ఇంజనీరు చూసి ఒప్పుకోవాలి. ఆ బండిని కదపకు. ట్రక్కు పంపించి తెప్పించుకుంటా."

"మరి రేపు టెస్టు?"

"ఆ బండిలోనా? ఆఫీసరు ఎక్కనే ఎక్కడు."

ఈ మాట లావణ్యకి ఎలా చెప్పాలా అని నేను వాకిట్లో నిలబడి ఉంటే పార్వతి ఆంటీ వీధి దాటి వచ్చారు. చేతిలో తాళం ఉంది. అది మామూలు తాళం కాదండీ. ఆవిడ చిన్న కారు సీట్లకి స్వయంగా అల్లుకున్న దారం తొడుగులుంటాయి. అందులో చెప్పులతో కాలు పెట్టనివ్వరు. అంకుల్ని కూడా పక్క సీటు దాటనివ్వరు.

"పిల్లకి ఇయ్యి. ఇవాళంతా నడిపి అలవాటు చేసుకోమను. రేపు నా బండే తీసుకుపోండి," అన్నారు.

"ఆంటీ, నిన్ననే మీ బిన్ను..."

"అది నువ్వు గుద్దించినావు, పిల్ల కాదు. నువ్వు మాత్రం నా స్టీరింగ్ ముట్టుకోకు. పక్క సీట్లో చేతులు కట్టుకుని కూర్చో."

ఆ రోజంతా చేతులు కట్టుకునే కూర్చున్నాను. ఆ బండి తేలిగ్గా, ఇరుకు సందులో కూడా బుద్ధిగా తిరుగుతుంటే లావణ్య ముఖంలోకి నెమ్మదిగా రంగు వచ్చింది. మంగళవారం ఆంటీ కూడా మాతో బయల్దేరారు. లావణ్య ఆఫీసరుతో టెస్టుకి వెళ్లిన కాసేపూ నేను మొక్కని దేవుడు లేడు. అన్నవరం సత్యనారాయణ స్వామికి మొక్కేటప్పుడు మాత్రం అంబాసిడర్ ఊసు ఎత్తలేదు.

కారు తిరిగొచ్చింది. లావణ్య దిగింది. నా దగ్గరికి రాలేదు, తిన్నగా వెళ్లి ఆంటీని వాటేసుకుంది.

"పాసయ్యానాంటీ! రివర్స్ పార్కింగ్ ఒక్కసారికే వచ్చేసింది!"

ఇద్దరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను గానీ నన్నెవరూ పట్టించుకోలేదు, నా మీద ఎవరికీ జాలి మిగల్లేదు.

మా కారు బాగైంది. ఎప్పుడనుకున్నారు? గురువారం. మెకానిక్ మొదట తీసుకురమ్మన్న అదే గురువారం. నేను అంతగా చెమటోడ్చి సాధించింది ఏమిటంటే, రావాల్సిన బండి నడిచి రాకుండా ట్రక్కెక్కి రావడం. లావణ్య ఉద్యోగంలో చేరింది, ఇప్పుడు ఇక్కడి వీధులన్నీ నాకంటే తనకే బాగా తెలుసు. తలుచుకుంటే గుండె నిండిపోతుంది. తిట్టాల్సినంత తిట్టి ఆ సాయంత్రమే అన్నం పెట్టిన లావణ్యకి, తమ బిన్ను చంపినవాడి ఇంటికే తాళం పట్టుకొచ్చిన ఆంటీకి, ఇప్పటికీ ఏడాదికో కొత్త బేసిన్ పంపిస్తున్న అత్తగారికి నేను ఏమిచ్చినా సరిపోదు.

అయినా ఆంటీ ఒకటి అడిగి పుచ్చుకున్నారు. వారం వారం వాళ్ల బిన్ను వీధిలోకి తీసుకెళ్లే పని నాది. కౌన్సిల్ కొత్త బిన్ను పంపిన రోజున, దాన్ని మొదటిసారి బయటికి తీయబోతూ ఆగిపోయాను. దాని రెండు చక్రాల కిందా రెండు నిమ్మకాయలున్నాయి. మూత మీద లావణ్య తన కారునుంచి పీకేసిన ఎల్ బోర్డు అంటించి ఉంది. ఎదుటి వరండాలో ఇద్దరాడవాళ్లు, ఒకరి చేతిలోని ఫోన్లో మూడో ఆవిడ.

"కానివ్వండి అల్లుడుగారూ, వర్జ్యం వెళ్లిపోయింది!"

అందుచేత, పాడైపోయిన ఆవకాయ బేసిన్ మీద చెయ్యి వేసి, సమస్త పాఠకుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ కారు స్టీరింగ్ జోలికీ పోను. గాల్లో తిరిగేదాన్ని చూసి గాల్లో తేలను. నేను తిప్పదగిన మాన్యువల్ స్టీరింగ్ ఈ లోకంలో ఒక్కటే, అది ఆంటీవాళ్ల బిన్ను. దానికి కూడా ఎల్ బోర్డు ఇంకా తియ్యలేదు.