నాలుగేసి మాటలు

నాకు చూపు లేదు. కాలేజీ పరీక్షల్లో నేను జవాబు చెబుతుంటే పక్కన కూర్చున్న స్క్రైబ్ రాసేది. చెన్నైలో, వ్యాసర్పాడిలోని మా ఇంట్లో ఆ సాధన అమ్మతోనే. అమ్మ చదువు పదో తరగతితో ఆగింది. ఇంగ్లీషు స్పెల్లింగులు ఒక్కొక్కటే అడిగి రాసేది.

"ఆగు పాపా, నీ నోటికి రైలు కట్టినారా? నా చెయ్యి ఇంకా ఈడే ఉండాది" అనేది.

అందుకని నాలుగు మాటలు చెప్పి, పెన్ను చప్పుడు ఆగేదాకా ఉండి, మరో నాలుగు చెప్పేదాన్ని. మూడేళ్ళు అలాగే సాగింది.

చివరి పరీక్షలకు నెల ముందు అమ్మ పోయింది. పరీక్షలు రాశాను, పాసయ్యాను. టి. నగర్‌లో ఒక కంపెనీ, ఫోన్‌లో ఫిర్యాదులకు జవాబు చెప్పే పనికి నన్ను తీసుకుంది. మూడు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు. తెరమీది అక్షరాలను కంప్యూటర్ నా చెవిలో చదివేది. పని అర్థమైంది. కానీ ప్రతి నాలుగు మాటలకూ ఆగిపోయేదాన్ని. అవతలివాళ్ళు "హలో? హలో?" అని, లైను తెగిందనుకుని పెట్టేసేవాళ్ళు.

ఇంట్లో అక్క నా చేత అభ్యాసం చేయించింది. "గబగబా చెప్పవే. ఎవురు రాస్తా ఉండారు ఈడ?" అంది. ఆ మాట అన్నాక లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మూడో నెలలో సూపర్‌వైజర్ పిలిచాడు. ఆయనదీ చెన్నై తెలుగే.

"ఏమ్మా, చూపు లేక ఫోన్లు కష్టంగా ఉండాయా? అట్టయితే చెప్పు, మెయిల్స్ పక్కకు మారుస్తా. ఉద్యోగానికి భయం లేదు. ఇట్టనే ఉంటే మాత్రం నెలాఖరుకు నా చేతిలో ఏం లేదు."

అవునంటే చాలు. అది అబద్ధమని కూడా అనలేను. చూపు ఉంటే స్క్రైబ్ అక్కర్లేదు, అమ్మ రాయనూ అక్కర్లేదు. అయినా అవునన్న మాట నోటికి రాలేదు.

"కళ్ళ వల్ల కాదు సార్."

"మరి?"

అమ్మ పోయిందని చెప్పవచ్చు. అదీ సరి కాదు. ఇది అమ్మ ఉన్నప్పటి అలవాటు. ఆ తేడా ఆయనకు ఎలా చెప్పాలో తెలియలేదు.

"ఒక్క వారం ఇవ్వండి" అన్నాను.

"సరి. వారమే."

ఆ వారం హెడ్‌ఫోన్‌లో శబ్దం బాగా పెంచుకున్నాను, చెవి పెన్ను చప్పుడు కోసం వెతక్కుండా. చెప్పాల్సింది ముందే మనసులో కూర్చుకుని ఒక్క ఊపిరిలో చెప్పాను. ఫోన్లు తెగడం తగ్గింది. నెలాఖరుకు ఖాయం చేశారు.

ఆ కబురు అక్కకు రెండు రోజులు చెప్పలేదు. ఎందుకో ఇప్పటికీ తెలియదు.