బొగ్గుల బస్తా నేనెత్తలేదు

టాటానగర్ అగ్రికోలో మా క్వార్టర్ల వరసలో ఉండే తెలుగువాళ్ళలో ఎవరినడిగినా నా గురించి ఒకే కథ చెబుతారు. నేను ఒకప్పుడు గొప్ప బలశాలినట. హెర్నియా ఆపరేషన్ అయి కుట్లు గట్టిపడకముందే నా భార్య నా చేత బొగ్గుల బస్తా మోయించిందట. దాంతో లోపల మళ్ళీ తెగి, రెండోసారి కోయించుకోవాల్సి వచ్చిందట. లేకపోతే ఢిల్లీ దాకా వెళ్ళి పతకాలు పట్టుకొచ్చేవాడినట. ఈ కథలో ఆపరేషన్లు రెండూ నిజం. మిగిలినదాన్ని దిద్దడానికే ఇది రాస్తున్నాను.

డెబ్భైల్లో మా క్వార్టర్ల వెనక ఒక రేకుల షెడ్డు ఉండేది. దానికి వ్యాయామశాల అని మేమే పేరు పెట్టుకున్నాం. షిఫ్టు దిగిన తెలుగు కుర్రాళ్ళం సాయంత్రం అక్కడ చేరేవాళ్ళం. పొద్దంతా ఉక్కు ప్లాంటులో బరువులు మోసి వచ్చి, మళ్ళీ ఎవరూ అడగని బరువులు ఎత్తేవాళ్ళం. ప్లాంటులో ఎత్తినదాన్ని చూసి మెచ్చుకునేవాడు లేడు కదా. షెడ్డులో అయితే పగిలిన నిలువుటద్దం ఒకటి ఉండేది. అది మమ్మల్ని ఎప్పుడూ నిరాశపరచలేదు.

బరువులెత్తే మా బార్, నది అవతల ఆదిత్యపూర్‌లో ఒక లేత్ షాపువాడు చేసిచ్చింది. ఏ యంత్రం నుంచో ఊడదీసిన ఇరుసుకు రెండు వైపులా రెండు పళ్ళచక్రాలు బిగించాడు. రెండూ ఒకే యంత్రానివి కావు. ఎడమవైపుది బాగా బరువు. మొత్తం ఎంత బరువో ఎవరికీ తెలియదు. అది మాకు సదుపాయంగానే ఉండేది, అడిగే మనిషిని బట్టి బరువు చెప్పేవాళ్ళం. చక్రం మార్పించాలని ఎవరికీ తోచలేదు. దానికి బదులు మేమే నిలబడే తీరు మార్చుకున్నాం. ఎడమవైపు బరువును కాయడానికి నడుమును కుడివైపు కాస్త ఒరిగించి ఎత్తడం నేర్చుకున్నాం. కొన్నాళ్ళకు అది మాకు అలవాటై, బార్ లేనప్పుడు కూడా అలాగే నిలబడేవాళ్ళం. ఒళ్ళంతా నూనె రాసుకుని ఆ రోజుల్లో మేం తీయించుకున్న ఫొటో ఒకటి ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో గుంపంతా కుడివైపుకు వాలి ఉంటుంది. చూసినవాళ్ళు ఫొటోగ్రాఫర్ చేతకానివాడనుకుంటారు.

ఉగాదికి తెలుగు సంఘం సభలో మా బలప్రదర్శన ఉండేది. పిల్లల నాట్యం అయ్యాక, పెద్దల నాటకం మొదలుకాకముందు, తెర ముందు నిలబడి బార్ ఎత్తేవాళ్ళం. తెర వెనక రాజదర్బారు సర్దేలోపు జనం లేచిపోకుండా ఉండటానికి మమ్మల్ని పెట్టారని నాకు చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది. అప్పట్లో మాత్రం ఊరంతా నన్ను చూడటానికే వస్తోందనుకునేవాడిని.

ఒక చలికాలం దగ్గు పట్టుకుంది. దగ్గినప్పుడల్లా ఎడమ గజ్జలో నిమ్మకాయంత ఉబ్బు కనిపించేది. పడుకుంటే లోపలికి పోయేది, బార్ ఎత్తితే మళ్ళీ వచ్చేది. తెలివున్నవాడు డాక్టర్ దగ్గరికి వెళ్తాడు. నేను మాత్రం రుమాలు మడతపెట్టి, దానితో ఉబ్బును లోపలికి నొక్కి, పైన లంగోటీ బిగించి కట్టి, బార్ ఎత్తుతూనే ఉన్నాను. ఎందుకంటే మా శ్రీకాకుళం వైపు మగవాడికి ఆ దరిదాపుల్లో ఏ వాపు వచ్చినా జనం అనే మాట ఒక్కటే, బుడ్డ. ఆ మాట ఒకసారి మనిషి పేరుకు ముందు చేరిందంటే మనవల కాలం దాకా వదలదు. హెర్నియా వేరు, బుడ్డ వేరు అని డాక్టరుకు తెలుసు. కుళాయి దగ్గర బిందెలతో నిలబడ్డవాళ్ళకు ఎవరు చెబుతారు? బలశాలి అన్న పేరు పోయి ఆ పేరు రావడం కన్నా పేగు బయటికి రావడమే నయమనిపించింది.

బట్టలు ఉతికేది నా భార్యే కాబట్టి ఎక్కువ రోజులు దాగలేదు.

"రోజూ లంగోటీలో ఈ రుమాలేటి?" అంది.

"చెమటకి."

"చెమట ఒక్కపక్కే పడతందేటి?"

 మర్నాడు మా చంటిపిల్లను చంకనేసుకుని, నన్ను ముందు నడిపించుకుని ఆస్పత్రికి తీసుకుపోయింది. దారిలో ఎవరు పలకరించినా "పిల్లకి సూదిమందు" అని తనే చెప్పింది. ఆ మాట నేను అడగకుండానే చెప్పింది. అది కూడా ఇక్కడ రాయాలి.

ఆపరేషన్ బాగా జరిగింది. మూడు నెలలు ఏ బరువూ ఎత్తకూడదన్నాడు డాక్టర్, సాయంత్రాలు మెల్లగా నడవమన్నాడు. నా భార్య ఆ మాటను వేదంలా పట్టుకుంది. నీళ్ళ బిందె, రేషన్ బియ్యం, పిల్ల, బొగ్గులు, అన్నీ తనే మోసేది. బొగ్గులవాడు సైకిలు మీద బస్తా తెచ్చి గేటు లోపల పడేసి పోతే, గమేలా అనే ఇనప తట్టలోకి కొంచెం కొంచెం ఎత్తుకుని వంటింట్లోకి చేరవేసేది. నేను మంచం మీద నుంచి చూసేవాడిని.

పక్క క్వార్టర్‌లో ఒకావిడ ఉండేది. వరసకు అందరికీ పిన్ని. గోడ మీద నుంచి తొంగి చూసి, "ఏటమ్మా, మొగుణ్ణి పటం కట్టించి గోడకి తగిలించినావేటి?" అనేది.

"మూడు నెలలు పోనీ పిన్నీ, దింపుతాను" అనేది నా భార్య.

అలాగే ఉంటే ఈ కథే ఉండేది కాదు. ఉగాది దగ్గరపడుతుండగా మా షెడ్డు నుంచి ఒక రైల్వే కుర్రాడు నన్ను చూడటానికి వచ్చాడు. టాటానగర్ స్టేషన్‌లో పని, నా దగ్గరే ఎత్తడం నేర్చుకున్నాడు. నారింజపళ్ళు తెచ్చాడు. నా కాళ్ళ దగ్గర స్టూలు మీద ఒద్దికగా కూర్చున్నాడు.

"గురువుగారూ, మీరు ఆరాం చెయ్యండి. బార్ సంగతి నాను చూసుకుంటన్నాను. కుడిపక్కకి ఇంకో చిన్న చక్రం ఎక్కించేం."

"ఎవరెత్తుతున్నారు దాన్ని?"

"నానే. ఉగాదికి మీరు తప్పకుండా రావాల. ముందు వరసలో మీకు కుర్చీ ఏయిత్తాను."

అతను మర్యాదగానే అన్నాడు. ఆ కుర్చీ మాత్రం నాకు నిద్ర పట్టనివ్వలేదు. నాటకాల మేకప్ మాస్టర్‌కీ పంతులుగారికీ మధ్య, శాలువా కప్పుకుని, చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చున్న నన్ను నేనే చూసుకున్నాను.

రెండు రోజులు పోయాక, డాక్టర్ చెప్పిన సాయంత్రం నడక షెడ్డు వైపు సాగింది. అప్పటికి ఇంకా ఎవరూ రాలేదు. చొక్కా విప్పాను. అద్దంలో నా పొట్ట నాకు పరాయిదిలా కనిపించినా పట్టించుకోలేదు. బార్ పట్టుకుని, ఎప్పటిలాగే నడుము కుడివైపు ఒరిగించి ఎత్తాను. అయితే కొత్త చక్రంతో బార్ రెండు వైపులా సమానమైంది. ఇప్పుడు బార్ సరిగ్గానే ఉంది. ఒరిగి ఉన్నది నేను. కుడికొస దిగిపోయింది, ఆపబోయి ఒళ్ళంతా మెలితిప్పాను. ఎడమ గజ్జలో, ఇరుకు చొక్కా చంక దగ్గర చిరిగినట్టు చిరిగింది. నొప్పి తర్వాత వచ్చింది. ముందు ఆ చిరగడమే తెలిసింది.

ఎలా నడిచానో, గోడలు పట్టుకుంటూ ఇల్లు చేరాను. నా భార్య నీళ్ళకు వెళ్ళింది. గేటు లోపల బొగ్గుల బస్తా ఉంది, ఆ మధ్యాహ్నమే వచ్చినట్టుంది. గుమ్మం మెట్టు ఎక్కలేకపోయాను. బస్తాకు చేరగిలబడి కింద కూర్చుండిపోయాను. దాన్ని పట్టుకుని లేవబోతే చేతులకూ చొక్కాకూ బొగ్గు అంటుకుంది. అదే సమయానికి పిన్ని బయటికొచ్చింది.

"ఒలమ్మ, ఏటయ్యింది బావూ? బస్తా ఎత్తినావేటి? నీ పెళ్ళాం ఎత్తమన్నాదా?"

నేను కళ్ళు మూసుకున్నాను. కళ్ళు మూసుకోవడం అబద్ధం ఆడటం కాదని ఆ నిమిషంలో నాకు తోచింది. పిన్నికి అంతకన్నా జవాబు అక్కర్లేదు. నా భార్య బిందెతో సందు మలుపు తిరిగేసరికి నలుగురు ఆడవాళ్ళు గేటు దగ్గర ఉన్నారు. ఆమె బిందె దించి, నా చేతుల వైపు, బస్తా వైపు చూసింది.

"ఎవరెత్తమన్నారు మిమ్మల్ని?" అంది. తిట్టినట్టు లేదు. నా అరచేతుల్లో బొగ్గును కొంగుతో తుడిచింది.

ఆస్పత్రిలో అదే డాక్టర్. బట్ట తొలగించి చూసి, తల విదిలించి, "అబ్ క్యా ఉఠాయా?" అన్నాడు, ఈసారి ఏం ఎత్తావని.

ఇక్కడ కళ్ళు మూసుకుంటే సరిపోదు. "కోయ్‌లా" అన్నాను, బొగ్గులని. నా జీవితంలో నేను చెప్పిన అతి చిన్న అబద్ధం అదే, అతి బరువైనదీ అదే. డాక్టర్ నా భార్య వైపు చూశాడు. నేను పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాను.

రెండో ఆపరేషన్ అయి ఇంటికొచ్చేసరికి ఆమెకు పేరు పడిపోయింది, బొగ్గులమ్మ. ముందు కుళాయి దగ్గర, తర్వాత గుడి దగ్గర, ఆ తర్వాత గోవింద్‌పూర్‌లో ఉన్న మా చుట్టాల ఇళ్ళలో. నాకు వస్తుందేమోనని భయపడిన పేరు నాకు రాలేదు. దాని చోట ఆమెకు ఇంకొకటి వచ్చింది. మా అమ్మ సోంపేట నుంచి రైలెక్కి వచ్చి, కొడుక్కి సేవ చేస్తున్నంత కాలమూ కోడలితో ఒక్క మాట సరిగ్గా మాట్లాడలేదు. నేను మంచం మీద పడుకుని జావ తాగాను.

ఆ ఉగాదికి రైల్వే కుర్రాడు బార్ ఎత్తాడు. అంతకు ముందు నేను ఏనాడూ ఎత్తనంత అవలీలగా, నిటారుగా నిలబడి ఎత్తాడని చూసినవాళ్ళు చెప్పారు. ఇది కూడా దిద్దాల్సిందే: నేను ఢిల్లీ వెళ్ళేవాడిని కాదు. ఆదిత్యపూర్ వంతెన దాటేవాడిని కూడా కాదు. కానీ ఎత్తలేనివాడికన్నా, ఎత్తగలిగీ ఎత్తే వీలు పోయినవాడికి గౌరవం ఎక్కువని నాకు త్వరగానే తెలిసింది. "పాపం, ఆ బస్తా లేకపోతేనా" అని ఎవరైనా అంటే నేను మెల్లగా నవ్వేవాడిని. ఎంతో ఉదారంగా ఉండేది ఆ నవ్వు. ఆ కుట్లను నేను పింఛనులా అనుభవించాను. ఏళ్ళ తరబడి ఇంట్లో బిందె కూడా కదపలేదు. గ్యాస్ వచ్చాక సిలిండర్ కూడా ఆమే దొర్లించుకుని లోపలికి తెచ్చుకునేది.

మొన్న పక్కింటి పిన్ని చిన్నకొడుక్కి పెళ్ళయింది. పలాస పిల్ల. సత్యనారాయణ వ్రతం అయ్యాక అందరం వసారాలో కూర్చున్నాం, నా భార్య ప్రసాదం పంచుతోంది. పిన్ని కొత్తకోడలికి బుద్ధులు చెబుతూ చెబుతూ నన్ను చూపించింది.

"మొగుడి ఒళ్ళు జాగరత్త సూసుకోవాలమ్మా. అదిగో, ఆ బావు సూడు, ఎలాటి మడిసి. బొగ్గుల బస్తా మోయించి మూల కూకోబెట్టేసింది."

ఆ పిల్ల నా భార్య వైపు చూసింది. నా భార్య ఆ పిల్ల దోసిట్లో ప్రసాదం పెట్టి, పక్కావిడ దగ్గరికి కదిలింది. ముఖం మారలేదు. ఎన్నోసార్లు విన్న మాట వింటున్నట్టు కూడా లేదు, అసలు తన గురించి కాదన్నట్టుంది. అది చూసి నేను లేచి నిలబడ్డాను.

"పిన్నీ, ఆ రోజు నేను బస్తా ఎత్తలేదు. షెడ్డుకు పోయి బార్ ఎత్తాను. దాంతో తెగింది. బస్తాకు ఊరికే చేరగిలబడ్డాను. ఆవిడ నన్నేమీ ఎత్తమనలేదు."

 పిన్ని నవ్వింది.

"సూసినారా అమ్మా, ఇన్నాళ్ళకి కూడా పెళ్ళాం మీద మాట పడనీడు. అలాటోడు దొరకాల."

"నిజం చెప్తున్నాను పిన్నీ."

"నిజమే బావూ, నిజమే. కూకో, నిలబడకు, ఒళ్ళు మంచిది కాదు నీకు" అంది. నలుగురూ నన్ను మరింత ప్రేమగా చూశారు. ఎవరో కుర్చీ తెచ్చి వేశారు.

నమ్మినది ఒక్క మనిషే. ఇంటికొస్తూ నా భార్య మా గేటు దగ్గర ఆగింది.

"షెడ్డుకెళ్ళేరా ఆ రోజు?"

"ఔను."

"నాను నీళ్ళకెళ్తే, వచ్చి ఎత్తుకోలేనని మీరే బస్తా లోపల పెట్టబోయేరనుకున్నాను. బొగ్గులమ్మా అన్నప్పుడల్లా, అననీ, నా కోసమే కదా ఎత్తేరు అనుకునీదాన్ని." తాళం తీసింది. "అదీ లేదన్నమాట."

 ఊరంతా ఆమెను అంటుంటే ఊరుకోవడమే నేను చేసిన తప్పనుకున్నాను. ఆమె అన్నేళ్ళు ఓర్చుకున్నది దేన్ని నమ్ముకుని అన్న సంగతి నాకు తట్టలేదు.

గ్యాస్ వచ్చినా చలికాలం వేణ్ణీళ్ళకు మా పెరట్లో బొగ్గుల పొయ్యి ఉంది. ఆదివారం బొగ్గులవాడు వచ్చి బస్తా గేటు లోపల పడేసి పోయాడు. నా భార్య గమేలా తేలేదు. నన్ను పిలిచింది.

"ఎత్తండి" అంది.

గోడవతల పిన్ని కొత్తకోడలితో బట్టలు ఆరేస్తోంది. "అదిగో, మళ్ళీ మోయిత్తంది సూడు" అనడం మా ఇద్దరికీ వినబడింది.

"వాళ్ళు లోపలికి పోనీ, అప్పుడు ఎత్తుతాను" అన్నాను మెల్లగా.

"ఎందుకు? సూడనీండి. అప్పుడు మోయించకుండానే పడ్డాను మాట. ఇప్పుడు మోయించి పడతాను."

బస్తాను భుజానికెత్తుకున్నాను. పిన్ని కళ్ళముందే, గేటు నుంచి పెరటి దాకా నడిచాను. ఎక్కడా ఏమీ చిరగలేదు. నేను ఎత్తిన మొదటి బొగ్గుల బస్తా అదే.