కదలని బొమ్మ

తాండూరులో నేను పనిచేసిన ఫొటో స్టూడియో యజమానిని అందరం అన్న అనేవాళ్లం. ఏ పెళ్లి వీడియో చూసినా ఆయన అడిగేది ఒకటే: "బొమ్మ కదిలిందా?" పెళ్లికూతురు ఎవరో కూడా ఆయనకు పట్టేది కాదు.

నడుస్తూ తీసినా కెమెరా ఊగకుండా పట్టే స్టెబిలైజర్‌ను ఆయన ప్లాస్టిక్ పైపు, సైకిల్ బేరింగు, అడుగున బరువుకు నాపరాయి ముక్కతో సొంతంగా చేశాడు. ఎవరైనా చేసుకోవచ్చని చెబుతూ నాలుగేళ్లు కూర్చుని పుస్తకం రాశాడు. అది అచ్చయ్యేసరికి ఆ పని ఫోన్లే చేసేస్తున్నాయి. "గిప్పుడు గిదెవరు కొంటరన్నా?" అని నేనే నోరు జారాను.

వికారాబాద్‌లో ఆవిష్కరణ సభకు ఇరవై మంది వచ్చారు. అన్న కెమెరాను స్టెబిలైజర్‌కు బిగించి, దాని తెర మీంచి చూపు తిప్పకుండా వేదిక దిగుతూ రెండో మెట్టు మీద జారిపడ్డాడు. చెయ్యి మాత్రం పైకే ఉంది. పడ్డచోటు నుంచే, "బొమ్మ కదిలిందా తమ్మీ?" అన్నాడు.

కెమెరాను టీవీకి కలిపి చూశాం. మనిషి పడ్డాడని బొమ్మలో తెలియనే లేదు. లిఫ్టులో దిగినట్టు దిగింది. జనం చప్పట్లు కొట్టారు. తెచ్చిన పుస్తకాలన్నీ అక్కడే అమ్ముడుపోయాయి.

ఆటోలో ఆస్పత్రికి పోతుంటే, వాచిన ఆయన కాలిని ఒళ్లో పెట్టుకున్న వదిన అంది: "గంత పుస్తకం రాసినవ్. మెట్లు సూస్కొని దిగాలెనని ఒక్క ముక్క రాయకపోతివి."

అన్న మూలుగు ఆపి, నన్ను పెన్ను అడిగాడు.