సువార్తమ్మ టీచరు లేని వంకపేట

సువార్తమ్మ టీచరు పోయారు. ఈ మాట నాకు చెప్పింది మా ఇంట పాలు పోసే మనిషి. "వాంతులు, బేదులంట సారూ. ఆస్పత్రికి తీసకపోతాంటే దారిలోనే పాణం పోయిందంట" అని చెప్పి, చెంబులో పాలు వంచి, సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఆ చెంబు పట్టుకొని వాకిట్లోనే నిలబడిపోయాను. శనివారం బడి విడిచిన తర్వాత ఆమె నాతో మాట్లాడిన చివరి మాట సుద్దముక్కల గురించి. ఈసారి వచ్చినవి బోర్డును గీకుతున్నాయే తప్ప రాయడం లేదని, సోమవారం బజారు నుంచి మంచివి పట్టుకు రమ్మని చెప్పారు. సోమవారం నేను పట్టుకెళ్లింది పూలదండ.

నిజం రాయాలంటే, నాకు మొదట కలిగింది దుఃఖం కాదు, రోత. ఆమె ప్రాణం తీసింది పేట కుళాయి నీళ్లు. కుళాయి గొట్టం మురికికాలువ లోపలి నుంచే పోతున్నదని, ఎండాకాలంలో నీళ్లు దుర్గంధం కొడుతున్నాయని, ఆమె ఎన్ని గడపలు ఎక్కి చెప్పారో పేటలో ప్రతి మనిషికీ తెలుసు. విన్నవారందరూ తల ఊపారు. తల ఊపడానికి జీతం తీసుకునే మనుషులు మన దేశంలో ఇంతమంది ఉన్నారని ఆమె వెంట తిరిగేదాకా నాకు తెలియదు.

ఆమెను ఎరగని పాఠకుల కోసం నాలుగు మాటలు. సువార్తమ్మగారిది ఆళ్లగడ్డ పక్కన ఒక పల్లె. తల్లిదండ్రులు భక్తిపరులైన క్రైస్తవులు, రెడ్ల పొలాల్లో కూలికి పోయి బతికినవారు. మిషనువారి హాస్టల్లో ఉండి చదువుకొని, ఉపాధ్యాయ శిక్షణ ముగించి, నంద్యాల అంచున ఉన్న వంకపేట ప్రాథమిక పాఠశాలకు వచ్చారు. భర్త ఆనందప్పగారు దూది మిల్లులో ఫిట్టరు, మితభాషి. నేను ఉయ్యాలవాడ దిక్కు వాణ్ణి. మా ఊళ్లో కక్షలు ముదిరిన తర్వాత సేద్యం గుత్తకిచ్చి నంద్యాల చేరిన కుటుంబం మాది. ఆమె పనిచేసే బడిలోనే నాకు ఉద్యోగం దొరికింది. అయితే నేను కాపురమున్నది రోడ్డుకు ఈవల, ఆమె ఆవల. మధ్యనున్నది ఒక్క రోడ్డే. ఈవలి కుళాయి వేరు, ఆవలి కుళాయి వేరు.

నేను చేరిన కొత్తలో వంకపేట అంటే మిల్లు ప్రహరీని ఆనుకొని వేసుకున్న కొన్ని బోదగడ్డి కప్పిన కొట్టాలు. మిల్లులో పని దొరికినవాళ్లు వేసుకున్నవి. తర్వాత వానలు లేని ఏండ్లు వచ్చాయి. కొత్తపల్లె వైపు నుంచి, కోవెలకుంట్ల వైపు నుంచి మూటా ముల్లె నెత్తిన పెట్టుకొని జనం దిగారు. కరువుకు కొందరు, కక్షలకు కొందరు, అప్పులవాళ్లకు దొరక్కుండా కొందరు. కొట్టం పక్కన కొట్టం, కొట్టంలో కొట్టం. ఒక కాపురం ఉండవలసిన చోట తడిక అడ్డం పెట్టుకొని రెండు మూడు కాపురాలు. ఈ జనప్రవాహాన్ని చూసి ఊరి పెద్దలు మూతి ముడిచారు. మూతి ముడిచినవారే వంక పోరంబోకులో రాళ్లు పాతి, ఆ రాళ్ల మధ్య కొట్టం వేసుకోవడానికి అద్దె వసూలు చేశారు. సర్కారు నేలకు అద్దె పుచ్చుకునే ఆ ఘనకార్యాన్ని నేను కళ్లారా చూశాను.

జనాభా లెక్కలు వచ్చినప్పుడు వంకపేట మా ఇద్దరికీ పడింది. ఒక కొట్టం ముందు జరిగింది నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఇంటి యజమాని గడప మీద బీడీ కాలుస్తూ, తాను మిల్లు హమాలీనని, పెండ్లాం ఏ పనీ చేయదని చెప్పాడు. నేను అలాగే రాయబోయాను. అతని వెనకాల ఆ ఇల్లాలు, ముసలి అత్త, ఇద్దరు ఆడపిల్లలు వేరుశెనగ గుట్ట ముందు కూర్చొని కాయలు వొలుస్తున్నారు. వాళ్ల బొటనవేళ్ల గోళ్లు అరిగి నెత్తురు గడ్డకట్టి ఉన్నాయి. సువార్తమ్మగారు నా చెయ్యి పట్టి ఆపారు.

"నీ పెండ్లాం ఏ పనీ చేయదా అప్పా? మరి నీ ఇంట్లో సంగటి ఎవరి గోళ్ల మీద ఉడుకుతాంది?"

అతను బీడీ ఆర్పేశాడు. నేను ఆ ఇంటి ఆడవాళ్ల పని రాస్తుంటే అడ్డం రాలేదు. మా మీది అధికారి మాత్రం, ఇంటి పట్టున కాయలు వొలుచుకునేదాన్ని కూడా పని అంటే ఎట్లా అని విసుక్కున్నాడు. సాయంత్రం అతను వెళ్లిపోయాక ఆమె నాతో ఒక మాట అన్నారు. "రోత పడాల్సిన చోట రోత పడకపోతే మనిషికి ముక్కు దేనికప్పా, ముక్కుపుల్లకా?" ఆ మాట ఆమె తరచుగా అనేవారు. ఆమె కోపిష్ఠి కాదు. కోపం కాసేపటికి చల్లారుతుంది. ఆమెకున్నది చల్లారని అసహ్యం. దాన్ని ఆమె ఒక వ్రతంలా పాటించారు.

తర్వాత పేటకు పక్కా ఇండ్లు మంజూరయ్యాయి. ఆ సంతోషం ఎన్నాళ్లో నిలవలేదు. ఒక గది, ఒక కిటికీ, వేలితో గీకితే రాలే గోడలు. మరుగుదొడ్డి ఒక్క ఇంటికీ లేదు. ఆడవాళ్లు ఎప్పట్లాగే మిల్లు వెనక కంపచెట్ల చాటుకు, చీకటితోనే లేచి, ఒకరికొకరు కాపలాగా వెళ్లాలి. దాని గురించి ఆమె అడిగితే, ఇండ్లు కట్టించిన అధికారి, పల్లెల నుంచి వచ్చినవాళ్లకు బయటికి పోవడమే అలవాటని చెప్పి నవ్వాడట. ఆ నవ్వు గురించి చెబుతున్నప్పుడు ఆమె ముఖం చూడలేకపోయాను.

ఇండ్లు తెరిచే రోజు ఆ అధికారి సతీసమేతంగా వచ్చాడు. షామియానా వేశారు, ఉపన్యాసాలు సాగాయి. మధ్యాహ్నం దాటింది. అధికారి భార్య నెమ్మదిగా లేచి, అక్కడున్న ఆడమనిషి కదా అని, సువార్తమ్మగారి చెవిలో ఏదో అడిగింది. ఆమె ఏమడిగిందో నేను తర్వాత తెలుసుకున్నాను.

"రండమ్మా. మేం యాడికి పోతామో ఆడికే పోదాం" అన్నారు సువార్తమ్మగారు.

చెంబుతో నీళ్లిచ్చి, చెయ్యి పట్టుకొని, కొత్త ఇండ్ల వరస దాటించి, మిల్లు గోడ వెంబడి కంపచెట్లలోకి తీసుకుపోయారు. అక్కడ తన కొంగు విప్పి అడ్డం పట్టుకొని నిలబడ్డారట. తిరిగి వచ్చినప్పుడు ఆ మహాతల్లి చీర కుచ్చిళ్ల నిండా ముండ్లు. ఎవరి ముఖమూ చూడకుండా జీపెక్కి కూర్చుంది. భర్త ఉపన్యాసం ముగిసేదాకా దిగలేదు.

ఆ సాయంత్రం నేను సువార్తమ్మగారిని తప్పుపట్టాను. ఇంటికి వచ్చిన అతిథిని అట్లా అవమానించవచ్చా అక్కా అని అడిగాను.

"అవమానమా? ఆయమ్మకు ఒక్క పూటే గదా" అన్నారు. "నేను కొంగు అడ్డం పట్టినాను గదా అప్పా. మా ఆడోళ్లకు ఎవరు పడతాండారు?"

జీపులో ఆ ఇల్లాలు భర్తతో ఏమన్నదో తెలియదు. కొన్నాళ్లకే పేటకు మరుగుదొడ్ల వరస ఒకటి మంజూరైంది. ఆ పేరు తెలియని తల్లికి ఈ వ్యాసం ద్వారా నమస్కరిస్తున్నాను.

ఇక రాయబోయేది రాయడానికి నా కలానికే సిగ్గుగా ఉంది. మరుగుదొడ్లు కట్టారు, తలుపులు పెట్టారు, నీళ్లు మాత్రం ఇవ్వలేదు. నీళ్లు వచ్చేదాకా పాడుకాకుండా కాపాడతానని పేటలో పలుకుబడి గల ఒక పెద్దమనిషి వాటికి తాళం వేసుకున్నాడు. ఆయన పేరు రాయను. సువార్తమ్మగారి సంస్మరణలో ఆయన పేరుకు చోటివ్వడం నాకిష్టం లేదు. పంట కాలం రాగానే ఆ గదులు ఆయనగారి వేరుశెనగ బస్తాలకు గిడ్డంగి అయ్యాయి. ఆడవాళ్లు మళ్లీ కంపచెట్లకే.

సువార్తమ్మగారు తాళం తీయమని ఇంటికి వెళ్లి అడిగారు. మళ్లీ అడిగారు. ఆ తర్వాత ఒక ఆదివారం, ఆరాధన ముగిసిన వెంటనే, పేట ఆడవాళ్లను వెంటబెట్టుకొని వెళ్లి తాళాలు పగలగొట్టారు. బస్తాలన్నీ మోసుకొచ్చి ఆ పెద్దమనిషి వాకిట్లో వరసగా పేర్చారు. ఒక్క బస్తా చిరగలేదు, ఒక్క కాయ రాలలేదు. దొంగతనం కేసు పెట్టడానికి వీలు లేకుండా, ఆయన కళ్లముందే ఆ పని జరిగింది. నేను రోడ్డుకు ఈవల నిలబడి చూశాను. బావి నుంచి నీళ్లు వాళ్లే మోసి పోసుకున్నారు. ఆ ఏడు పేట ఆడవాళ్లకు చీకటితో లేవవలసిన అగత్యం తప్పింది.

దానికి శిక్షగా ఆమెకు ఆళ్లగడ్డ అవతలి పల్లెకు బదిలీ వచ్చింది. పేట వదిలిపెట్టి అక్కడే కాపురం పెడతారని బదిలీ చేయించినవారి ఆశ. ఆమె రోజూ తెల్లవారుజాము బస్సుకు పోయి, పొద్దుగూకే బస్సుకు వంకపేట చేరేవారు. బస్సులో నిలబడి నిలబడి కాళ్లు వాచేవి. ఎందుకక్కా ఈ యాతన, ఆడనే ఇల్లు తీసుకో అని నేను అంటే, ఈడ తాళం మళ్లీ పడతాది అప్పా అనేవారు. కొన్నేండ్లకు తిరిగి మా బడికే వచ్చారు. అప్పటికి జుట్టు సగం నెరిసింది.

ఆమె వచ్చేసరికి పేట మారిపోయింది. మిల్లు మూతపడింది. గేటుకు బీగం, లోపల తుప్పు. ఫిట్టరు పని చేసిన ఆనందప్పగారు సైకిళ్లకు పంచర్లు వేయసాగారు. హమాలీలు ఇటుకబట్టీలకు, రాతిగనులకు చెదిరిపోయారు. పక్కా ఇండ్లను కొందరు అవసరానికి అమ్ముకొని, అదే ఇంట్లో అద్దెకున్నారు. తమ ఇంటికి తామే అద్దె కట్టుకునే విడ్డూరం వంకపేటలోనే చూశాను. పనిలేని యువకుల కోసం కక్షలున్న పల్లెల నుంచి జీపులు రావడం మొదలైంది. ఏ పనికి పిలుస్తున్నారో చెప్పరు. కూలి మాత్రం మిల్లు కన్నా ఎక్కువ, తిండి, సారాయి ఉచితం. మా ప్రాంతంలో పుట్టినవాడికి ఆ పని ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. ఆ జీపుల్లో ఒకటి మా ఊరిలోని మా కులంవాళ్లది. ఈ సంగతి రాసేటప్పుడు నా కులగౌరవం నాకు గుర్తుకు వస్తే, దాన్ని చూసి కూడా నాకు రోతే.

ఒకనాడు బడి ముందు జీపు ఆగింది. మా బడిలో చదివిన కుర్రవాళ్లు కొందరు ఎక్కి కూర్చున్నారు. సువార్తమ్మగారు తరగతి వదిలి వెళ్లి, జీపు ముందు నిలబడ్డారు. డ్రైవరు హారను కొట్టాడు. ఆమె కదల్లేదు. ఒక్కొక్కణ్ణీ పేరు పెట్టి పిలిచి, వాడి తల్లి పేరు కూడా చెప్పి, దిగమన్నారు. గొంతు పెంచలేదు. ఇద్దరు దిగారు, తక్కినవాళ్లు దిగలేదు. జీపు వెనక్కి తిప్పుకొని వేరే సందులోంచి పోయింది. దిగినవాళ్లలో ఒకడు ఇవాళ ఆమె శవపేటికను మోశాడు. దిగనివాళ్ల సంగతి అడగకండి.

ఈ ఎండాకాలమంతా ఆమె పట్టింది నీళ్ల సంగతి. పేటలో పిల్లలు వరసగా జబ్బుపడ్డారు. ఆమె తన ఇంట్లో నీళ్లు కాచి చల్లార్చి, కడవల్లో బడికి మోసుకొచ్చి పిల్లలకు పోసేవారు. ఇంటికి వెళ్లి మాత్రం అందరూ తాగే నీళ్లే తాగేవారట. కట్టెలు బడి నీళ్లకే సరిపోయేవని ఆనందప్పగారు నాకు ఇవాళ చెప్పారు.

అంత్యక్రియలకు పెద్దలందరూ వచ్చారు. తాళం వేసిన పెద్దమనిషి అందరికన్నా ముందు వచ్చాడు, అందరికన్నా పెద్ద దండ తెచ్చాడు. సమాధి దగ్గర పాస్టరుగారి ప్రార్థన ముగియగానే, ఆమె తనకు తోబుట్టువు వంటిదని, ఆమె సేవలను పేట మరువదని మొదలుపెట్టాడు. జీవితమంతా నాలుగు మాటలు కలిపి మాట్లాడని ఆనందప్పగారు లేచి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

"నువ్వు మాట్లాడొద్దన్నా. ఆమె ఇంకా ఈడనే ఉండాది" అన్నారు.

ఆ పెద్దమనిషి గుంపులోకి తప్పుకున్నాడు. మట్టి వేశారు.

తిరిగి వస్తుంటే ఒక సంగతి నా కంటపడింది. పెద్దల జీపులు ఆగిన రోడ్డు మొదలు చర్చి వాకిలి దాకా కాలువ పొడుగునా బ్లీచింగు పొడి చల్లి ఉంది, ముగ్గు పోసినంత తెల్లగా. చర్చి దాటి ఒక్క అడుగు లేదు. అక్కడి నుంచే అసలు పేట మొదలవుతుంది. బతికుండగా ఆమె చెప్పులరిగేలా తిరిగినా రాని పొడి, ఆమె శవం చూడవచ్చినవారి ముక్కుల కోసం వచ్చింది.

జీపులు వెళ్లిపోయాయి. పేట ఆడవాళ్లు చీపుర్లు, చేటలు పట్టుకొని వచ్చి, ఆ పొడిని మట్టితో సహా ఊడ్చి ఎత్తుకుంటున్నారు. తమ సందుల్లోని కాలువల్లో చల్లుకోవడానికట. కాయలు వొలిచి బతికే ఓబుళమ్మ అనే ముసలామె చేట నింపుకొని నా ముందునుంచి పోతున్నది. పొడి కండ్లలో పడి నీళ్లు కారుతున్నాయి. ఇట్లా ఎందుకు, ఆఫీసుకు పోయి అడగరాదా అన్నాను.

"టీచరమ్మ ఉంటే పోయి అడిగుండేది సారూ" అంది. "మాకు అడగడం రాదు. ఉన్నకాడికి ఎత్తుకుంటాండాం."

సువార్తమ్మగారి పుణ్యస్మృతికి అశ్రునివాళి అర్పిస్తూ, ఆమె లేని లోటు ఏమిటో రాయాలని కూర్చున్నాను. ఓబుళమ్మ చెప్పినదానికన్నా బాగా రాయలేను. ఆ పేటలో జనానికి కొదవ లేదు, రోజూ కొత్తవాళ్లు వస్తూనే ఉన్నారు. అడిగే మనిషి మట్టిలో కలిసిపోయింది.