అద్దంలో కుడివైపు పరిగెత్తిన పిల్ల

పోయిన ఉగాది తర్వాతి ఆదివారం, పొద్దున పదిన్నర. మియాపూర్‌లో బస్సులు తిరిగే రోడ్డు పక్కన రెండు లెన్సుల పాత ఫిల్మ్ కెమెరా కొనడానికి నిలబడ్డాను. మా పెళ్లి ఫోటో అలాంటి దానితోనే తీశారు. అరవై దాటాక చదవడం, రాయడం నేర్చుకున్నవాణ్ని, ఇది నేర్చుకోలేనా అనుకున్నాను.

“మెడలో వేసుకుని, తల వంచి పై అద్దంలో చూడండి తాతగారూ,” అన్నాడు అమ్మే అబ్బాయి రవికిరణ్.

చూశాను. నాలుగేళ్ల మనవరాలు అక్షిత నవ్వుతోంది. అంతలోనే నా భార్య ఎల్లమ్మ చెయ్యి విడిపించుకుని కుడివైపు పరిగెత్తింది. తల ఎత్తకుండానే నేనూ కుడివైపు ఉరికి చెయ్యి చాచాను. చేతికి గోడ తగిలింది.

“గటెందుకు ఉరుకుతున్నవయ్యా! పిల్ల రోడ్డు మీదుంది!” అని ఎల్లమ్మ అరిచింది. మోకాళ్ల నొప్పులతో ఆమె పరిగెత్తలేదు.

తల ఎత్తేసరికి పిల్ల ఎడమవైపు, బస్సు ముందు ఉంది. నా కాళ్లు కదల్లేదు. బస్సు కీచుమంటూ జానెడు దూరంలో ఆగింది.

“ఇందులో కుడి ఎడమగా కనిపిస్తుందండీ, చెప్పడం మర్చిపోయాను,” అన్నాడు రవికిరణ్ ఏడుపు గొంతుతో.

“ఇప్పుడు చెప్తవా కొడుకా!” అంది ఎల్లమ్మ.

కెమెరా కొనలేదు. పిల్ల ప్రాణం పోబోతుంటే నేను చేయగలిగింది చూడడమొక్కటే. ఆ రోజు అక్కడున్నది నేను, ఎల్లమ్మ, అక్షిత, రవికిరణ్. బస్సు ఆపిన డ్రైవరు పేరు అడగాలని కూడా తోచలేదు.