దావియా తెల్లబట్టలు

రాజు పోయిన రోజు తామెక్కడున్నదీ కాసాబ్లాంకాలోని దర్బ్ ల్‌బీర్ వాడలో అందరికీ గుర్తే. మంగలి సగం గడ్డం గీసి కత్తి దించేశాడు. రొట్టెల పొయ్యి మనిషి రొట్టెలు తీయడం మరిచాడు. ఆ పూట వాడంతా మాడిన రొట్టె తిన్నది. జూలై వస్తే చాలు, వాడ స్నానశాల అయిన హమ్మాం బయటిగదిలో తల తుడుచుకుంటూ ఆడవాళ్ళు ఇవే మాటలు తిప్పితిప్పి చెప్పుకుంటారు. మాడిన రొట్టెలు ఏటేటా పెరుగుతుంటాయి.

దావియాను మాత్రం ఎవరూ అడగరు. కొత్త కోడలెవరైనా తెలియక అడగబోతే పక్కనున్న మనిషి తొడ గిల్లుతుంది.

దావియా ఆ హమ్మాంలో ఒళ్ళు రుద్దే మనిషి. గరుకు తొడుగు చేతికి తగిలించుకుని, నల్లసబ్బు రాసి, కాసాబ్లాంకాలో సగం పేటల మురికి ఆమె దించింది. ఏ వీపు ఎవరిదో చీకట్లో చెప్పగలదు. మాటలు తక్కువ. ఉన్న నాలుగు మాటలూ పదునే.

ఆమె భర్త బూఅజ్జా పంచదార కర్మాగారంలో బస్తాలు మోసేవాడు. ఇంటికొచ్చేసరికి కనుబొమల్లో పంచదార పొడి ఉండేది. చిన్నారి కూతురు సఫియా ఒళ్ళో ఎక్కి దాన్ని వేలితో తీసి నాకేది. రొట్టె ధర పెరిగిన ఏడు కార్మికులు సమ్మె చేశారు. బూఅజ్జా వెళ్ళాడు. వద్దని దావియా అనలేదు. ఆ సంగతి ఆమె ఎన్నడూ దాచలేదు, దానికి ఏడవనూ లేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం, అన్నాల వేళకు, జీపు వచ్చింది. ఇల్లు చూపించింది జిలాలీ. అతను వాడకు మొఖద్దెం, ప్రభుత్వానికి ఈ సందుల్లో కన్నూ చెవీ అతనే. ఆ రోజు వేలైనా ఎత్తలేదు. గడ్డంతో చూపించాడు. బూఅజ్జా చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

ఠాణాలో అలాంటి పేరు లేదన్నారు. జైల్లో లేదన్నారు. శవాలగదిలో లేదన్నారు. ఏడాది తిరిగాక అదే కర్మాగారం మనిషి ఒకడు విడుదలై వచ్చి, గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. ఒక చిన్న గదిలో మనుషుల్ని బస్తాల్లా కుక్కారట. బూఅజ్జా అతని భుజానికి ఆనుకునే ఊపిరాడక పోయాడట. ఏ రోజో అతను చెప్పలేకపోయాడు. ఆ గదిలో పగలూ రాత్రీ ఒకటే. చెప్పి ఊరు విడిచి వెళ్ళిపోయాడు.

మర్నాడు దావియా తెల్లబట్టలు వేసుకుంది. జెల్లాబా అనే తెల్లటి పొడుగు అంగీ, తెల్ల తలగుడ్డ, తెల్ల మేజోళ్ళు. మొగుడు పోయిన ఏ ఆడదైనా నాలుగు నెలల పది రోజులు వేసుకునేవే. సాయంత్రానికి జిలాలీ వచ్చాడు.

"ఎవరు పోయారు దావియా?"

"మా ఆయన."

"నీకెవరు చెప్పారు?"

ఆమె తలగుడ్డ ముడి బిగించుకుంది.

"మనిషి ఉన్నాడో లేడో ప్రభుత్వానికే తెలియదు, నీకు తెలిసిపోయిందా? ఏ ఫ్రాన్స్‌లోనో ఇంకొకదాన్ని కట్టుకుని హాయిగా ఉండుంటాడు. మొగుడు వదిలేసి పోతే తెలుపు వేసుకోరమ్మా, నోరు మూసుకుంటారు."

"చచ్చిపోయాడు."

"చచ్చిపోయాడంటే చంపారన్నట్టే కదా? ఆ మాటే అంటున్నావా?" అని ఆగాడు. తలుపు చాటున నిలబడ్డ సఫియాను చూశాడు. "పిల్ల బడికి వెళ్తోందా?" అన్నాడు, చాలా మెత్తగా.

ఆ రాత్రే దావియా తెల్లబట్టలు విప్పి పెట్టె అడుక్కి నెట్టింది.

ఆమె భార్య కాదు, విధవ కాదు. పండక్కి ఎవరూ పిలవరు, చావుకూ ఎవరూ పలకరించరు. "ఏమైనా కబురు తెలిసిందా పిన్నీ?" అని అడిగేవాళ్ళు కొన్నేళ్ళు అడిగారు, తర్వాత ఆ మాటా మానేశారు. హమ్మాంలో మాత్రం గడువు తీరిన విధవలను కడిగే పని ఆమెకే వచ్చేది. తెల్లబట్టల్లో వచ్చిన మనిషిని నెత్తి నుంచి గోళ్ళదాకా రుద్ది, రంగుబట్టల్లో బయటికి పంపాలి. ఆ వీపుల మీద దావియా చెయ్యి గట్టిగా పడేది. జాలి వల్లనని వాళ్ళు అనుకునేవారు. అది అసూయ.

బూఅజ్జాను తీసుకుపోయి పద్దెనిమిదేళ్ళు గడిచాయి.

ఆ శుక్రవారం ఆడవాళ్ళ వేళ ముగియబోతోంది. బయటిగదిలో టీవీలో పాట ఆగి ఖురాన్ పారాయణం మొదలైంది. శుక్రవారం కదా అనుకున్నారు. పారాయణం ఎంతకీ ఆగలేదు. కాసేపటికి, గల్లాపెట్టె దగ్గర ఎత్తుపీట దిగని హజ్జా బతూల్, ఆ హమ్మాం యజమానురాలు, బట్టలతో చెప్పులతో వేడిగదిలోకి వచ్చేసింది. ఆవిర్లో ఆమె తడబడుతూ నిలబడింది.

"రాజు పోయాడే తల్లీ. మనకు దిక్కెవరే."

గదంతా ఒక్కసారిగా ఏడుపు లేచింది. ఒంటి మీద బట్టలేని ఆడవాళ్ళు తొడలు చరుచుకున్నారు. ఒకామె బకెట్టు తన్నుకుని పడింది. దావియా ముందు బోర్లా పడుకున్నామె లేవబోయింది.

"పడుకో," అంది దావియా. "ఎడమ చెయ్యి మిగిలింది."

"విన్నావా దావియా?" అంది బతూల్.

"విన్నాను. అదృష్టవంతుడు. ఒళ్ళు చల్లబడకముందే దేశమంతా చెప్పేశారు."

"నోరు తగ్గించు. గోడలకు చెవులుంటాయి."

"ఈ గోడలకు చెమటే పడుతుంది హజ్జా. చెవులు మీకున్నాయి."

మిగిలిన చెయ్యి రుద్దింది. నీళ్ళు పోసింది. తొడుగు పిండి మేకుకు తగిలించి ఇంటికి వెళ్ళింది.

పెట్టె అడుగునుంచి తీసిన జెల్లాబా మడతల దగ్గర పసుపెక్కి ఉంది. కుట్టుఫ్యాక్టరీ నుంచి వచ్చిన సఫియా గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇదేంటమ్మా? ఇప్పుడా?"

"ఇప్పుడే. రాజు సంతాపం నలభై రోజులూ తెల్లబట్ట విప్పమనే మగాడు ఈ దేశంలో ఉండడు."

"రాజు కోసం వేసుకున్నావనుకుంటారు."

"అనుకోనీ."

కానీ ఆ ఓర్పు రెండు రోజులైనా నిలవలేదు. పొరుగింటి ఖద్దూజ్ మెచ్చుకోలుగా భుజం నిమిరింది. కూరగాయల అంగడివాడు ఉల్లిపాయలకు డబ్బులు వద్దన్నాడు. "కన్నతండ్రి పోయినట్టుంది పాపం," అని వెనకనుంచి ఎవరో అన్నారు. ప్రతి మాటా ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. బతికుండగా మనిషిని తీసుకుపోయారు. ఇప్పుడు ఆ మనిషి తెలుపు కూడా రాజుకే పోతోంది.

అంత్యక్రియల రోజు పొద్దున్న రాజధాని రబాత్ వెళ్ళడానికి వాడ మొగలో లారీలు నిలబడ్డాయి. జిలాలీ చేతికర్రతో మనుషుల్ని లెక్కబెట్టి ఎక్కిస్తున్నాడు. ముసలివాడయ్యాడు, గొంతు మాత్రం ముసలిది కాలేదు.

"తొందరగా కానివ్వండి. రాజు పోయిన రోజు ఎక్కడున్నావు తాతా అని రేపు మనవలు అడుగుతారు. చెప్పుకోడానికి ఒక మాటుండాలి." అంతలో దావియాను చూశాడు. ముఖం వెలిగింది. "లల్లా దావియా, ఇలా ముందుకు రా. మొదటి లారీలో, ముందు వరసలో. కెమెరాలకు కనపడాలి. చూశారా, మీ అందరికంటే ముందు తెలుపు వేసుకుంది. అభిమానమంటే అదీ."

అతను ఆమెను లల్లా అని మర్యాదగా పిలవడం అదే మొదటిసారి.

"ఇది ఆయన కోసం కాదు," అంది దావియా.

అతను నవ్వాడు. "మరెవరి కోసం?"

"బూఅజ్జా కోసం. మా ఆయన కోసం. నువ్వు గడ్డంతో ఇల్లు చూపించావే, ఆయన కోసం."

లారీ మీది మాటలు ఆగాయి. జిలాలీ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఇంటికి పో. తర్వాత మాట్లాడుకుందాం."

"విప్పమను జిలాలీ. అప్పుడు విప్పించావుగా, ఇప్పుడూ విప్పమను. రాజు శవం ఇంకా మట్టికి పోలేదు. ఇంతమంది ముందు నాతో తెల్లబట్ట విప్పించు, చూస్తాను."

అతని కర్ర కొస నేల మీద ఊరికే గీత గీసింది.

"మనవలు అడుగుతారన్నావు. నేనే అడుగుతున్నాను. బూఅజ్జా పోయిన రోజు నువ్వెక్కడున్నావు? ఆ రోజు ఏ రోజో నాకు తెలియదు. ఏ నెలో తెలియదు. నీకు తెలిస్తే చెప్పు." లారీ వైపు తిరిగింది. "మీరెవరైనా చెప్పండి. రాజు పోయిన రోజు అందరికీ గుర్తుంటుంది కదా. మా ఆయన పోయిన రోజు మీరెక్కడున్నారు?"

ఎవరూ కళ్ళెత్తలేదు. డ్రైవరు ఇంజను వేశాడు. లారీలు కదిలి వెళ్ళాయి. ముందు వరసలో ఒక చోటు ఖాళీగానే పోయింది.

హజ్జా బతూల్ లారీ ఎక్కలేదు. నెమ్మదిగా నడిచి వచ్చి దావియా ఎదుట నిలబడింది. "దేవుడు నీ పుణ్యం పెంచుగాక. పోయినవాణ్ణి కరుణించుగాక," అంది. చావింట్లో అందరూ అనే మాటే. దావియాతో ఎవరైనా ఆ మాట అనడం అదే మొదలు.

"పద్దెనిమిదేళ్ళకు గుర్తొచ్చిందా హజ్జా?"

"ఎప్పుడూ గుర్తుంది. భయపడ్డాను."

"నేనూ భయపడ్డాను. మీకు హమ్మాం ఉంది. నాకు ఒక పిల్ల."

బతూల్ వెళ్ళిపోలేదు.

ఆ సాయంత్రం గుమ్మం ముందు, చావింటికి ఇరుగుపొరుగు వండి పంపే కస్కస్ రవ్వ పళ్ళెం మూత పెట్టి కనిపించింది. వండినవాళ్ళకు తలుపు తట్టే ధైర్యం లేదు. దావియా విసిరేద్దామని పళ్ళెం ఎత్తింది. మళ్ళీ దించి తిన్నది. కోపంతోనే తిన్నది.

నలభై రోజులకు రాజు సంతాపం ముగిసింది. దుకాణాల్లో పాటలు మొదలయ్యాయి. వాడలో తెల్లబట్ట ఆమె ఒంటి మీదే మిగిలింది. పనికి రాగానే దాన్ని మేకుకు తగిలించి వేడిగదిలోకి వెళ్ళేది, పనయ్యాక వేసుకుని సందు నడిమి నుంచి ఇంటికి నడిచేది. ఒక రోజు జిలాలీ ఆమె ఇంటి గుమ్మంలోకి వచ్చాడు.

"రాజు నలభై అయిపోయింది," అన్నాడు.

"బూఅజ్జాది కాలేదు."

అతను సఫియా వైపు చూడబోయాడు. సఫియా అప్పటికే అతన్ని సూటిగా చూస్తోంది. కర్ర సర్దుకుని వెళ్ళిపోయాడు.

నాలుగు నెలల పది రోజులూ తీరాయి. ఆ రోజు హమ్మాంలో దావియా నేలమీద బోర్లా పడుకుంది. ఎవరు రుద్దాలో తెలియక తోటి పనివాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. హజ్జా బతూల్ ఎత్తుపీట దిగి, అంగీ చేతులు మోచేతులదాకా మడిచి, తొడుగు వేసుకుంది. డబ్బులు తీసుకోవడం తప్ప మరో పని అలవాటు లేని చెయ్యి.

"గట్టిగా," అంది దావియా.

బతూల్ రుద్దింది.

"ఇంకా గట్టిగా. నేనలాగే రుద్దుతాను."

ఒళ్ళు ఎర్రబడింది. మనసులో ఉన్నది మాత్రం అంగుళమైనా దిగలేదు. సమాధి ఎక్కడని అడగడానికి ఆమె మర్నాటినుంచే ఠాణాకు వెళ్ళడం మొదలుపెట్టింది. అలాంటి పేరు లేదనే అంటున్నారు. వారానికొకసారి వెళ్ళి ఆ పేరు చెప్పి వస్తుంది.

స్నానమైన సాయంత్రమే తెల్లబట్టలు ఉతికి తాడు మీద ఆరేసింది. గడువు తీరాక వాటిని దానమివ్వడం రివాజు. అవి ఆరకముందే పక్క వాడనుంచి ఒకామె వచ్చింది. ఆమె భర్తనూ రొట్టె ధర పెరిగిన ఏడే జీపులో తీసుకుపోయారు. పేరు చెప్పుకుని, తాడు వైపు చూస్తూ నిలబడింది.

"ఎవరికైనా మాట ఇచ్చారా అక్కా వీటిని?"

దావియా జెల్లాబా దించి, తడితడిగానే మడిచి ఆమె చేతుల్లో పెట్టింది.

"తీసుకుపో. ఎవరి కోసం అని అడుగుతారు. పేరు చెప్పు. గట్టిగా చెప్పు."